ఇల్లు కొనేముందు కాగితము చదవండి

సుమారు పన్నెండేండ్ల క్రిందటి మాట. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక తాపీమేస్త్రి భార్యతో కలిసి నా దగ్గరకు వచ్చాడు. ఇరవై యేండ్లుగా ఊరందరికీ ఇండ్లు కట్టి, తాను మాత్రం అద్దె యింట్లోనే ఉన్న మనిషి. అతని చేతిలో 100 రూపాయల స్టాంపు కాగితము ఉంది. "అయ్యగారూ, ఇల్లు కుదిరింది. నాలుగు సెంట్ల స్థలము, రెండు గదుల పెంకుటిల్లు. డబ్బంతా ఇచ్చేశాము. ప్రార్థన చేయండి" అన్నాడు.

"రిజిస్ట్రేషను ఎప్పుడు?" అని అడిగాను.

"పంటలయ్యాక చేయిస్తామన్నారండీ. వాళ్ళూ విశ్వాసులే కదా, ఎక్కడికి పోతారు?"

నేను ఆ కాగితము మీద చేయి ఉంచి ప్రార్థన చేశాను. కాగితము మాత్రం చదవలేదు.

మరుసటి యేడు అమ్మినవారి అక్క పొరుగూరి నుండి వచ్చింది. "ఇది మా నాన్నగారి ఇల్లు. నా వాటా సంగతి ఏమిటి? నేను సంతకము పెట్టలేదే" అని అడిగింది. ఆమె అబద్ధమాడలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, ఎన్నోసార్లు తిరిగాము. చివరికి మేస్త్రి కుటుంబము ఇల్లు ఖాళీ చేసింది. ఇచ్చిన సొమ్ములో కొంతే తిరిగి వచ్చింది. తాకట్టు పెట్టిన ఆ తల్లి బంగారము మరల ఇంటికి రాలేదు. "మీరైనా ఆ రోజు ఒకసారి చదివి ఉంటే బాగుండేది అయ్యగారూ" అని ఆమె నాతో ఒక్కసారే అన్నది. ఆ మాట నేటికీ నన్ను విడిచిపెట్టలేదు. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి కారణము అదే.

అమ్మేవారికి పూర్తి హక్కు ఉందా?

ప్రియ చదువరులారా, మొదట అడగవలసిన ప్రశ్న ధర ఎంత అని కాదు, ఇది ఎవరిది అని. తండ్రి వీలునామా వ్రాయకుండా చనిపోతే మన క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తిస్తుంది. దాని ప్రకారము తల్లికి మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు కుమారులకు, కుమార్తెలకు సమానముగా చెందుతాయి. పెండ్లయిన కుమార్తెకు వాటా పోదు. హిందూ కుటుంబాలలోనూ 2005 నాటి సవరణతో పిత్రార్జితములో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు ఉన్నది. కాబట్టి వాటాదారులందరూ దస్తావేజులో సంతకము చేయాలి. "అక్క ఏమీ అనదులెండి" అనే మాట మీద ఇల్లు కొనకూడదు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఈ.సి. తీయిస్తే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు తెలుస్తాయి. కనీసము 30 యేండ్లది తీయించండి. పాత లింకు దస్తావేజులు అసలువే చూడండి, నకళ్ళతో సరిపెట్టుకోవద్దు. అయితే రిజిస్టరు కాని ఒప్పందాలు, నోటిమాట బాకీలు ఈ.సి.లో కనబడవు. అందుకే ఇరుగుపొరుగువారిని కూడ అడగాలి.

అది ఏ రకము భూమి?

పేదలకు ప్రభుత్వము ఇచ్చిన డి-పట్టా భూమిని కొనడము 1977 నాటి అసైన్డు భూముల చట్టము ప్రకారము చెల్లదు. తరువాత కొన్ని సడలింపులు వచ్చినా, మీరు చూసిన స్థలానికి అవి వర్తిస్తాయో లేదో తహశీల్దారు కార్యాలయములో అడిగి తెలుసుకోండి. చెరువు శిఖము, పోరంబోకు, దేవాదాయ, వక్ఫు భూములు తక్కువ ధరకు వస్తే సంతోషించవద్దు. రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి.

పల్లెలలో చాలామంది పంచాయతీ ఇంటిపన్ను రసీదు చూపి "ఇదిగో మా కాగితము" అంటారు. అది పన్ను కట్టినట్టు రుజువు. ఇల్లు వారిదే అని చెప్పే హక్కు పత్రము కాదు.

రిజిస్ట్రేషను వాయిదా వేయవద్దు

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము 100 రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు కావలసిందే. స్టాంపు కాగితము మీద వ్రాసుకున్న ఒప్పందము ఒప్పందమే, అమ్మకము కాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించుకున్నంత మాత్రాన ఆస్తి మనదవదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బయానా కొద్దిగా ఇచ్చి, మిగిలిన సొమ్ము దస్తావేజు నాడే చెల్లించండి. వీలైనంతవరకు బ్యాంకు ద్వారా ఇవ్వండి. దస్తావేజులో భార్య పేరు కూడ వ్రాయించండి. కష్టము ఇద్దరిదీ కదా.

సంతకానికి ముందు సర్వేయరుతో కొలిపించి, హద్దులు, నడకదారి దస్తావేజులో సరిగా ఉన్నవో చూసుకోవాలి. ఇంటిని ఎండాకాలములో ఒకసారి, వానాకాలములో ఒకసారి చూడండి. నీటి కరువు ఎండలో, గోడల చెమ్మ, వీధిలో నిలిచే నీరు వానలో బయటపడతాయి.

అప్పు లెక్క కట్టండి

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే చిన్న మాటగా వినబడుతుంది. లక్ష రూపాయలకు నెలకు 2,000, సంవత్సరానికి 24,000. నాలుగేండ్ల రెండు నెలలకు వడ్డీయే లక్ష అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు అప్పు సంవత్సరానికి నూటికి 9 రూపాయలనుకుంటే, మొదటి నెల వడ్డీ 750 మాత్రమే. బ్యాంకువారు కాగితాలు ఎక్కువ అడుగుతారని విసుక్కుంటాము. వారి వకీలు కాగితాలు చూడడము మనకూ ఒక కాపుదలే. ధర కాక స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు, మరమ్మతులు కూడ ముందే లెక్కలో వేసుకోండి. పంట పోయిన సంవత్సరము కూడ కట్టగలిగినంతే అప్పు చేయండి.

ప్రవక్త చూపిన మాదిరి

యిర్మీయా 32వ అధ్యాయములో ప్రవక్త అనాతోతులో పొలము కొన్నాడు. అమ్మినవాడు పరాయివాడు కాదు, పినతండ్రి కుమారుడే. అయినను ప్రవక్త 17 తులముల వెండి తూచి ఇచ్చి, పత్రము వ్రాసి, ముద్రవేసి, సాక్షుల చేత సంతకాలు చేయించి, బారూకు ద్వారా మంటికుండలో భద్రపరిపించాడు. బంధువని నమ్మకము లేక కాదు. న్యాయముగా కొనే పద్ధతి అది. విశ్వాసము కాగితాన్ని తోసివేయదని నేను ఆలస్యముగా నేర్చుకున్నాను.

ఆ మేస్త్రి మరికొన్నేండ్లకు మూడు సెంట్ల స్థలము కొన్నాడు. ఈసారి ముందు వకీలు దగ్గరకు, తరువాత నా దగ్గరకు వచ్చాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకొని మొదటి పుట నుండి చివరి పుట వరకు, హద్దులతో సహా, పైకి చదివాను. భార్యాభర్తలిద్దరూ విన్నారు. ఆ తరువాతనే ప్రార్థన చేశాము.