పుంజుపిల్ల, పెట్టపిల్ల: గుఱుతించు విధము

నేను బడిపంతులను, కోళ్లను పెంచినవాఁడను గాను. అయినను మా ఖాజీపేటలో ప్రక్కయింటి ముసలమ్మకుఁ గలిగిన నష్టము నన్నీ విషయమును విచారింపఁజేసినది. ఆమె నెలన్నర పిల్లలలో మూఁటిని పుంజులని యెంచి, పండుగ ఖర్చునకై అమ్ముకొనెను. వానిలో రెండు పెట్టలు! అవి కొన్నవారి పెరటిలో గ్రుడ్లు పెట్టుచుండఁగా ఈమె గంప వట్టిదయ్యెను. బీదయింట గ్రుడ్డనఁగా ఉప్పునకు వచ్చు డబ్బు గదా!

మొనదేలిన గ్రుడ్డు పుంజగునని కొందఱందురు. పూర్వము యవన పండితుఁడు అరిస్టాటిల్ పొడవైన గ్రుడ్డు పెట్టయనెను. రోము పండితుఁడు ప్లినీ పుంజనెను. ఇరువురి మాటయు నిలువలేదు. ఆడయో మగయో నిర్ణయించునది తల్లికోడి బీజములోని యంశమే. గ్రుడ్డు ఆకారము గాదు.

మఱి గుఱుతులెవ్వి? అమరకోశములోని కోడిపుంజు పేళ్లే కొన్నింటిని చెప్పుచున్నవి. తామ్రచూడము, అనఁగా ఎఱ్ఱని జుట్టు గలది. అయిదాఱు వారములకే పుంజుపిల్ల జుట్టు పెరిగి యెఱుపెక్కును. పెట్టపిల్లది చిన్నదై పాలిపోయి యుండును. అయితే పందెపు జాతికి జుట్టే పొట్టి. అచ్చట నీ గుఱుతు మోసపుచ్చును. కృకవాకువు, అనఁగా కూయునది. కూఁత రెండు మొదలు నాలుగు నెలలలో వచ్చును. చరణాయుధము, అనఁగా కాలే యాయుధముగాఁ గలది. కాలిముల్లు పెరుగుట కడపటిది. కొన్ని ముదిపెట్టలకును అది మొలచును.

కోశము చెప్పని గుఱుతే మిక్కిలి నమ్మఁదగినది. మూఁడవ నెలలో పిల్లను పట్టి మెడ యీఁకలను, నడుమునుండి తోఁకవైపు వ్రాలు నీఁకలను విప్పి చూడుఁడు. కొన సన్నమై వాఁడిగా నిగనిగలాడిన పుంజు, గుండ్రమైన పెట్ట. ఒకే పొదుగు పిల్లలను, ఒకే జాతివానిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట మేలు.

జపాను దేశమున 1920వ దశకములో మసుయి మున్నగు పండితులు పుట్టిననాఁడే పిల్ల గుదద్వారమును పరీక్షించి చెప్పు విద్యను వెలయించిరి. అది చిరకాలాభ్యాసముచేఁ గాని రాదు. తెలియనిచేయి నొక్కినచో పసిపిల్ల చచ్చును. ఇంట దానిని ప్రయత్నింపవలదు.

కావున పెద్దలారా! మూఁడు నెలలు నిండి, రెండు గుఱుతులైనను కలసినఁగాని పిల్లను అమ్మవలదని మీ యింటివారికిఁ జెప్పుఁడు. ఆ ముసలమ్మ యిప్పుడట్లే చేయుచున్నది. ఆమె గంప మరల నిండినది.