రేవులో నిలిచిన సరుకుపై మూడు పద్దులు: పటాన్‌చెరు దిగుమతిదార్లకు మాఫీల చిక్కు

సంగారెడ్డి: పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల మందుల ఫ్యాక్టరీలకు సముద్రం ఎంతో దూరం. అయినా వాటి ముడిసరుకు గిట్టుబాటు రేవు లెక్కల మీదనే ఆధారపడి వుంటుంది. చైనా నుండి వచ్చే ఇంటర్మీడియట్లు నవషేవా, చెన్నై రేవులలో దిగి, లారీల మీదనో, రైలులో సనత్‌నగర్ కంటెయినర్ డిపోకో చేరుతాయి. ఇన్వాయిస్ ధర చూసి కుదుర్చుకున్న బేరం సరుకు పదిరోజులు నిలిచిపోతే తారుమారవుతుంది.

2020లో ఈ సంగతి బాగా అనుభవానికి వచ్చింది. మార్చి 22 నుండి ఏప్రిల్ 14 వరకు కంటెయినర్ డిటెన్షన్ ఛార్జీలు వసూలు చేయవద్దని నౌకాయాన డైరెక్టరేటు ఓడ కంపెనీలకు సూచించి, తరువాత ఆ గడువును మే 3 వరకు పొడిగించింది. అది లాక్‌డౌన్‌కు ఇచ్చిన సడలింపు. గల్వాన్ ఘర్షణ తరువాత జూన్‌లో చైనా సరుకుపై తనిఖీలు బిగిసి కంటెయినర్లు రేవులలో ఆగినప్పుడు, హైదరాబాద్ కేంద్రంగా గల ఫార్మెక్సిల్ ముడిమందుల కొరత వస్తుందని కేంద్రానికి మొరపెట్టుకోవలసి వచ్చింది.

ఎవరి పద్దు వారిదే

నిలిచిన సరుకుపై మూడు పద్దులు ఒకేసారి పెరుగుతాయి. మొదటిది ప్రభుత్వానిది. బిల్ ఆఫ్ ఎంట్రీ ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు రూ. 5,000, ఆపైన రోజుకు రూ. 10,000 చొప్పున రుసుము పడుతుంది. పదిరోజులు జాప్యమైతే రూ. 85,000. కారణం సబబుగా వున్నదని తోస్తే అధికారి దీనిని మాఫీ చేయవచ్చు.

రెండవది రేవు లేక డిపో వారి డెమరేజి, మూడవది ఓడ కంపెనీ డిటెన్షన్ ఛార్జీ. కస్టమ్స్ వారి మాఫీ ఈ రెండింటికీ దానంతటదే వర్తించదు. కస్టమ్స్ వారు డిటెన్షన్ సర్టిఫికెట్ ఇచ్చినప్పటికీ సరుకును భద్రపరచినవారికి డెమరేజి అడిగే హక్కు వున్నదని సుప్రీంకోర్టు 1995లో గ్రాండ్ స్లామ్ కేసులో తేల్చింది. కస్టమ్స్ వారు నిలిపిన సరుకుపై అద్దె, డెమరేజి తీసుకోరాదని 2009 నిబంధనలలో చేర్చారు. కాని ఆ నిబంధనే ఇతర చట్టాలకు లోబడి వున్నందున వివాదాలు పూర్తిగా తెగలేదు.

జప్తు వేరు, జరిమానా వేరు

1962 కస్టమ్స్ చట్టంలో 111వ సెక్షన్ కింద జప్తు సరుకుకు, 112వ సెక్షన్ కింద జరిమానా మనిషికి. నిషేధం లేని సరుకైతే 125వ సెక్షన్ ప్రకారం విమోచన రుసుము కట్టి విడిపించుకొనే అవకాశం ఇవ్వాలి. ఆ రుసుము సరుకు మార్కెట్ ధరలో సుంకం తీసివేయగా మిగిలినదానిని మించరాదు. సుంకం మాత్రం అదనంగా కట్టవలసిందే. అప్పీలు లేనిపక్షంలో 120 రోజులలో చెల్లించకపోతే ఆ అవకాశం పోతుంది.

తప్పు చేయని దిగుమతిదారుకూ సరుకు దక్కకపోవచ్చు. దించిన 30 రోజులలో విడిపించుకోకపోతే, నోటీసు ఇచ్చి, కస్టమ్స్ అనుమతితో దానిని అమ్మవచ్చు. ప్రమాదకర సరుకుకు ఆ 30 రోజుల ఆగుదల కూడా లేదు. సాల్వెంట్లు తెప్పించేవారు ఇది ముఖ్యంగా గమనించాలి. అమ్మిన సొమ్ములో ముందు అమ్మకపు ఖర్చులు, తరువాత నోటీసు ఇచ్చిన ఓడవారి బాకీ, ఆపైన సుంకం, డిపోవారి బాకీ, ప్రభుత్వానికి రావలసిన ఇతర మొత్తాలు పోగా మిగిలితేనే యజమానికి.

బాకీలు సరుకు విలువను మించేటట్లుంటే, విడుదల ఉత్తర్వుకు ముందే హక్కు వదులుకొని సుంకం తప్పించుకొనే వీలు 23వ సెక్షన్‌లో వున్నది. నేరం జరిగినట్లు కనబడిన సరుకుకు ఇది వర్తించదు. సుంకం తప్పినంత మాత్రాన ఓడ కంపెనీతో చేసుకున్న ఒప్పందపు బాకీ తీరదు.

కనుక చిన్న ఫ్యాక్టరీలు ఆర్డరు ఇచ్చేటప్పుడే ఉచిత దినాలు ఎన్నో ఓడ కంపెనీతో కాగితం మీద ఖాయపరచుకోవడం మేలు. సరుకు ఆగిన మొదటి రోజే కస్టమ్స్‌కు, డిపోకు, ఓడ ఏజెంటుకు మూడు విడి దరఖాస్తులు పెట్టి రసీదులు వుంచుకోవాలి. ఒకచోట దొరికిన మాఫీని మిగతా రెండుచోట్ల దొరికినట్లుగా ధరలో లెక్కకట్టడం నష్టానికి దారి.