నడిచే మంద్రస్వరాలు

కచేరీ సాగినంతసేపూ తంబుర ఒకే శ్రుతిని వినిపిస్తుంది. గాయకుడు ఎంత విస్తరించి పాడినా ఆ ఆధారం కదలదు. పాశ్చాత్య సంగీతంలోని పాసకాలియా అనే రచనలోనూ అడుగున ఒక ఆధారం ఉంటుంది. అయితే అది నిలిచి ఉండే శ్రుతి కాదు, నడిచే స్వరాల వరుస. మంద్రస్థాయిలో నాలుగో ఎనిమిదో ఆవర్తాల చిన్న వరుస మొదలై, ముగిసిన వెంటనే మళ్ళీ మొదటికి వస్తుంది. రచన పూర్తయ్యేదాకా ఇలా తిరుగుతూనే ఉంటుంది. దానిపై మాత్రం ప్రతిసారీ కొత్త సంగీతం పుడుతుంది.

ఈ పేరు స్పానిష్ భాషనుండి వచ్చింది. ఆ భాషలో 'పసార్' అంటే దాటిపోవడం, 'కాయె' అంటే వీధి. 17వ శతాబ్దం తొలినాళ్ళలో గిటారు వాయించేవారు పాటకు ముందు, చరణాల నడుమ వాయించే చిన్న ముక్కకు ఈ పేరు ఉండేది. ఖాళీని నింపడమే దాని పని! ఇటలీలో ఫ్రెస్కోబాల్డి 1627లో దానిని వరుస మార్పులతో స్వతంత్ర రచనగా పెంచి ప్రచురించాడు. స్పెయిన్ నృత్యంనుండి ఎదిగిన చకోన్ దీనికి తోబుట్టువు వంటిది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో సంగీతజ్ఞులే తేల్చుకోలేకపోయారు.

ఇంగ్లండులో ఇటువంటి మంద్రస్వరాల వరుసను 'గ్రౌండ్' అన్నారు. 1680లలో పర్సెల్ రచించిన 'డైడో అండ్ ఈనియాస్' అనే సంగీత నాటకం చివర, ప్రియుడు విడిచిపోయిన కార్తేజ్ రాణి డైడో మరణించబోతూ పాడుతుంది. అడుగున అయిదు ఆవర్తాల వరుస అరస్వరం చొప్పున మెట్లు దిగుతుంది. ఆమె పాట ఆ వరుసతో పాటు ఆగదు. వరుస ముగిసినా ఆమె వాక్యం ముగియదు. ఆమె ఆగినా వరుస ఆగదు. తప్పించుకోలేని విధి కాళ్ళకింద కదులుతున్నట్లు తోస్తుంది. మాటలు తెలియనివారికి కూడా ఆ దుఃఖం అందుతుంది.

బాఖ్ యౌవనంలో ఆర్గన్‌కోసం రచించిన పాసకాలియాలో ఈ వరుస నిజంగా కాళ్ళదే. ఆర్గన్‌కు కింద పాదాలతో నొక్కే మెట్లుంటాయి. మొదట ఎనిమిది ఆవర్తాల వరుస పాదాలతోనే, ఒంటరిగా వినిపిస్తుంది. తరువాత చేతులు కలుస్తాయి. మార్పులు ఇరవై. నడుమ ఒకచోట ఆ వరుస పాదాలను వదిలి పైస్వరాలకు ఎక్కుతుంది. కొంతసేపటికి తిరిగి కిందికి చేరుతుంది.

1885లో బ్రామ్స్ తన నాలుగవ సింఫనీ చివరి భాగానికి బాఖ్ రచననుండే ఒక వరుసను తీసుకొని కొద్దిగా మార్చాడు. అదీ ఎనిమిది ఆవర్తాలదే. కాని అది మొదట మంద్రంలో కాదు, పైస్వరాలలో గంభీరంగా వినిపిస్తుంది. అడుగుకు దిగడం ఆ తరువాతనే.