మొదట గాయము కట్టుడి

మీ కుమార్తెయో, మీ తమ్ముడో, మీ సంఘములోని ఒక యౌవనస్థుడో తన దేహమును తానే గాయపరచుకొని మీ యొద్దకు వచ్చినయెడల మీరేమి చేయుదురు?

శ్రీహరికోట ఈ దుఃఖమును ఎరిగిన స్థలమే. 2023 జనవరిలో అక్కడి అంతరిక్ష కేంద్రపు భద్రతా సిబ్బందిలో ఇద్దరు ఒక్క దినము వ్యవధిలోనే తమ ప్రాణములు తీసికొనిరి. అయితే తన్ను గాయపరచుకొను ప్రతివాడును చావగోరుచున్నాడని తలంచకండి. చెప్పుకొనలేని బాధ కొందరిలో ఆలాగు బయటపడును. అయినను దానిని తేలికగా తీసికొనరాదు.

నా సేవ ఆరంభ దినములలో ఒక యౌవనస్థుడు చేతికి గుడ్డ చుట్టుకొని వచ్చెను. నేను అరగంట వాక్యము చెప్పితిని. గాయమును మాత్రము చూడలేదు. అది నేటికిని నన్ను బాధించుచున్నది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో ఫిలిప్పీ చెరసాల నాయకుడు చావ సిద్ధపడినప్పుడు పౌలు గద్దింపలేదు. హాని చేసికొనవద్దనియు, తామందరు అక్కడనే ఉన్నామనియు కేకవేసి చెప్పెను. మనము మొదట చెప్పవలసినదియు అదే: "నేను నీతో ఉన్నాను."

తరువాత గాయమును చూడండి. రక్తము కారుచుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఆగిన తరువాత మంచినీటితో కడగండి. పసుపు, కాఫీపొడి పెట్టవద్దు. రక్తము ఆగకపోయినను, గాయము లోతుగా ఉన్నను, ఏదైన మింగిరని అనుమానము కలిగినను వెంటనే 108కి ఫోను చేయండి. చిన్న గాయమైనను డాక్టరుకు చూపించండి. కుట్లు, టెటనస్ ఇంజెక్షను అవసరమో లేదో ఆయనే చెప్పవలెను.

పులికాట్ మీదుగా సూళ్లూరుపేట వరకు ఒంటరిగా పంపవద్దు, మీరును వెళ్లండి. డాక్టరుకు నిజము చెప్పుటకు ధైర్యమియ్యండి. అక్కడ ఎవరైన కటువుగా మాట్లాడితే, నెమ్మదిగా అతని పక్షమున మాట్లాడండి.

పోలీసు కేసు అగునని అనేకులు గాయమును దాచుదురు. 2018 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా ఎంచి, శిక్షింపరాదని చెప్పుచున్నది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1తో పోయినది. అత్యవసర చికిత్సను ఆలస్యము చేయరాదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పిచ్చెను.

ఇంటికి వచ్చిన తరువాత, చనిపోవాలనిపించుచున్నదా అని సూటిగా అడగండి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. పురుగుల మందు, మాత్రలు, పదునైన వస్తువులు అందకుండ ఉంచండి. టెలీమానస్ 14416కి రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. కట్టు మార్చు దినమునను తోడు వెళ్లండి.

మరియొక మాట. ప్రార్థన విన్నపమను పేరిట అతని సంగతి సంఘమంతటికి చాటవద్దు. రహస్యముగా ప్రార్థించండి, బహిరంగముగా ప్రేమించండి.

ఆ రాత్రి పౌలు సీలల గాయములు కడిగినది ఆ చెరసాల నాయకుడే. నేడు మీరు కట్టు కట్టిన చేయి రేపు మరియొకరి గాయమును కడుగును. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.