టీకా తయారైంది.. నమ్మకమే తయారు గాలే

కరోనా టీకాకు అందరికన్న ముందుగాల అనుమతిచ్చిన దేశాలల్ల రష్యా పేరు మొదట్ల ఉంటది. 2020 ఆగస్టు 11న పుతిన్ టీవీల కనబడి, తన బిడ్డ కూడ ఏసుకున్నదని చెప్పిండు. దాని పేరు స్పుత్నిక్ వి. 1957ల సోవియట్లు ఆకాశంలకు పంపిన ఉపగ్రహం పేరే దీనికి పెట్టిన్రు.

మరి జనం ఎగబడి ఏసుకున్నరా? లేదు. 2021 మార్చిల లెవాడా సెంటర్ సర్వే బయటికొచ్చింది. నూటికి 62 మంది ‘మాకొద్దు’ అన్నరు. మాస్కోల రెడ్ స్క్వేర్ పక్కనున్న పెద్ద మాల్‌ల టీకా ఏసి చేతిల ఐస్‌క్రీమ్ పెట్టిన్రు. ఏసుకున్నోళ్లకు కార్ల లాటరీ పెట్టిన్రు. అయినా అక్టోబర్ దాకా మూడోవంతు జనానికే టీకా పూర్తయింది. అదే నెలల సర్కారు లెక్కల్లనే రోజుకు వెయ్యి మందికి పైగ సచ్చిపోయిన్రు.

చదువు లేకనే గట్ల చేసిన్రనుకుంటే తప్పు. ఆడ దాదాపు అందరికీ చదువొస్తది. టీకాలు కొత్త కూడ గాదు. లోకంల మశూచిని లేకుంట చేద్దామని 1958ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు పెట్టింది సోవియట్లే. 140 కోట్ల డోసులకు పైగ ఇచ్చిన్రు, అండ్ల మన దేశానికి కూడ వచ్చినయి.

మరి గసొంటి జనం ఎందుకు ఎనుకకు పోయిన్రు?

మొదటిది, తొందర. పెద్ద పరీక్ష, అంటే మూడో దశ, మొదలుగాకముందే అనుమతిచ్చిన్రు. టీకా 91.6 శాతం పనిచేస్తదని లాన్సెట్ పత్రికల వచ్చింది 2021 ఫిబ్రవరిల. అప్పటికే అనుమానం పాతుకపోయింది.

రెండోది, లెక్కలు. 2020ల పెరిగిన సావులల్ల 81 శాతానికి పైగ కరోనాతోనేనని డిసెంబర్ ఆఖర్ల ఉప ప్రధాని గొలికోవా చెప్పింది. అంటే అప్పటిదాక చెప్పిన లెక్కకు దాదాపు మూడింతలు. సావుల లెక్క సక్కగ చెప్పనోళ్లు టీకా గురించి నిజం చెప్తరా అని మనిషికి అనిపియ్యదా?

మూడోది, మాటలు. సర్కారు టీవీలు పడమటి దేశాల టీకాలను తిట్టిపోసినయి. విన్నోళ్లకు మిగిలింది ఒక్కటే: టీకాలంటేనే భయం. పుతిన్ కూడ 2021 మార్చి 23 దాకా ఏసుకోలే. ఏసుకున్ననాడు కెమెరా లేదు.

ఇగ జబర్దస్తీ మొదలైంది. జూన్‌ల మాస్కో సర్కారు దుకాణాలు, హోటళ్లసొంటి జాగలల్ల పనిచేసేటోళ్లల్ల నూటికి 60 మందికి టీకా పడాలన్నది. క్యూఆర్ కోడ్ లేంది హోటళ్ల కూసుండనియ్యలే. ఏసుకునేటోళ్లు పెరిగిన్రు గని, దొంగ సర్టిఫికెట్ల దందా కూడ పెరిగింది. కాయితం ఉన్నది, ఒంట్ల టీకా లేదు. గా కాయితం రోగాన్ని ఆపదు గద.

ఇసొంటి అనుమానం ఎంత కాలుస్తదో వాళ్లకు ముందే ఎరుకుండాలె. 1980ల ఆఖర్ల పేపర్లల్ల టీకాల మీద భయం రాతలు వచ్చినయి, పిల్లలకు టీకాలు తగ్గినయి. సర్కారు వ్యవస్థ కూడ కూలింది. 1990లల్ల కంఠసర్పి తిరిగొచ్చి, సోవియట్ నుంచి విడిపోయిన దేశాలల్ల 4 వేల మందికి పైగ పానాలు తీసింది.

ఇదే స్పుత్నిక్ 2021 మే 14న హైదరాబాద్‌ల మొదటిసారి ఏసిన్రు, డాక్టర్ రెడ్డీస్ తెప్పించింది. ధర 995 రూపాయల 40 పైసలు. అప్పుడు మనకాడ రెండో వేవ్, టీకా ఎక్కడ దొరుకుతదా అని జనం తిరుగుతున్నరు. సీసా అదే. ఆడ వద్దన్నరు, ఈడ ఎతుక్కున్నరు. అంటే తేడా సీసాల లేదు.

టీకా ఫ్యాక్టరీల కొన్ని నెలలల్ల తయారైతది. నమ్మకం గట్ల గాదు. అది రోజూ నిజం చెప్తేనే పుడ్తది. మీ ఊర్ల ఎవలన్న సూదికి వెనుకాడితే నవ్వకున్రి. ఎవల మాట విని భయపడ్డరో అడగున్రి. అక్కడికెళ్లి మాట మొదలైతది.