జయించినవారికి తెల్లని వస్త్రం

మరమగ్గం మీద నుంచి దిగిన కోరా గుడ్డ తెల్లగా ఉండదు. ఉడకబెట్టి చలువ చేసిన తరువాతే దానికి తెలుపు వస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి భివండీకి తరలివెళ్లిన నేత కుటుంబాలకూ, ఆ పక్కనే పూర్ణ గోదాములలో పనిచేసేవారికీ ఇది తెలిసిన సంగతే. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో విశ్వాసులకు వాగ్దానం చేసిన బహుమానాలలో తెల్లని వస్త్రం ఒకటి. దాని భావం తెలియాలంటే ఆ మాటలు ఎవరిని ఉద్దేశించినవో ముందుగా తెలియాలి.

ఏడు పట్టణాలు, ఏడు వాగ్దానాలు

ఈ గ్రంథం క్రీ.శ. 95 ప్రాంతంలో, రోమా చక్రవర్తి డొమీషియన్ కాలంలో వెలువడిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను నేటి టర్కీ పశ్చిమ భాగంలోని ఏడు క్రైస్తవ సంఘాలకు దీనిని పంపాడు. 2, 3 అధ్యాయాలలోని ఏడు లేఖలలోనూ జయించినవారికి వాగ్దానాలున్నాయి. ఎఫెసుకు జీవవృక్ష ఫలం, స్ముర్నకు జీవకిరీటం, పెర్గముకు మరుగైన మన్నా, కొత్త పేరు గల తెల్లరాయి, తుయతైరకు జనములపై అధికారం, వేకువచుక్క, సార్దీసుకు తెల్లని వస్త్రం, ఫిలదెల్ఫియకు దేవాలయంలో స్తంభమయ్యే భాగ్యం, లవొదికయకు సింహాసనంలో పాలు.

ఆ ఊళ్ల అనుభవం నుంచే

ఇవన్నీ సంకేతాలు. ఇక్కడ కిరీటం అంటే రాజుల బంగారు కిరీటం కాదు. మూలంలోని గ్రీకు పదానికి పందెంలో గెలిచినవాని తలపై ఉంచే ఆకుల దండ అని అర్థం. తెల్లరాయిని కొందరు న్యాయస్థానంలో నిర్దోషిత్వానికి గుర్తుగా, మరికొందరు విందు ప్రవేశానికి ఇచ్చే బిళ్లగా వివరిస్తారు. ఫిలదెల్ఫియను క్రీ.శ. 17లో భూకంపం దెబ్బతీసింది. అక్కడ గోడలు తరచూ బీటలువారేవని, అందుచేత చాలామంది పట్టణం వెలుపలే నివసించేవారని ఆనాటి భూగోళ రచయిత స్ట్రాబో తెలిపాడు. అటువంటి ఊరివారికి కదలని స్తంభం, ఇక వెలుపలికి పోనక్కరలేని చోటు వాగ్దానమయ్యాయి.

బట్టల పట్టణాలలో పరీక్ష

తుయతైరలో అద్దకంవారికి, ఉన్ని పనివారికి, నారబట్టలవారికి వేర్వేరు వృత్తి సంఘాలుండేవని శాసనాలు చెబుతున్నాయి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో కనిపించే ఊదారంగు వ్యాపారిణి లూదియ ఈ ఊరిదే. వృత్తి సంఘాల విందులలో విగ్రహాలకు అర్పించిన ఆహారం వడ్డించేవారు. వాటికి దూరంగా ఉన్న విశ్వాసికి పని, పరపతి రెండూ పోయే ప్రమాదముండేదని పండితులు భావిస్తారు.

లవొదికయ కథ వేరు. నల్లని ఉన్నికి పేరుపొందిన ఆ సంపన్న నగరం క్రీ.శ. 60 నాటి భూకంపం తరువాత రోము సాయం లేకుండానే తిరిగి లేచింది. అంతటి బట్టల వర్తకుల ఊరిని లేఖ వస్త్రహీనగా వర్ణించి, తెల్లని వస్త్రం సంపాదించుకోమంటుంది. దాని శిథిలాలకు సమీపంలోని డెనిజ్లీ నేటికీ బట్టల పరిశ్రమకు ప్రసిద్ధమే.

పేరు, చోటు

సార్దీసు వాగ్దానంలో వస్త్రంతో పాటు మరొకటి ఉంది: జీవగ్రంథంలో నుంచి పేరు చెరిగిపోదు. గ్రీకు పట్టణాలలో పౌరుల పేర్ల పట్టీలుండేవి; నేరస్థుల పేర్లు కొట్టివేయడమూ ఉండేది. విశ్వాసం కారణంగా నలుగురిలో స్థానం కోల్పోయేవారికి ఆ మాట ఎంత ఊరటో ఊహించవచ్చు. 7వ అధ్యాయంలో తెల్లని వస్త్రాలు ధరించినవారు మహాశ్రమలు దాటివచ్చినవారే. వారి వస్త్రాలకు తెలుపు గొర్రెపిల్ల రక్తం వలన కలిగిందని గ్రంథం చెబుతుంది. అందువలన ఈ బహుమానాలను చేసిన పనికి లెక్కకట్టిన కూలిగా క్రైస్తవ బోధకులు చూడరు. నష్టమొచ్చినా నిలిచినవారికి దేవుడు ఇచ్చే పేరుగా, చోటుగా చూస్తారు. బ్రతుకుతెరువుకై సరిహద్దు దాటిన కుటుంబాలకు ఆ రెండింటి విలువ వేరే చెప్పనక్కరలేదు.