కర్ర, నీడ, మన అక్షాంశం

నాకు పదో తరగతిలో త్రికోణమితికి ఫుల్ మార్కులొచ్చాయి. కానీ దానితో నేను ఎప్పుడూ ఏ చెట్టునీ కొలవలేదు. మా ఇంగ్లీష్ మీడియం స్కూల్‌కి గ్రౌండ్ లేదు, నాలుగంతస్తుల బిల్డింగ్ మాత్రమే. గవర్నమెంట్ హైస్కూళ్లకి చాలాచోట్ల గ్రౌండ్ ఉంది, ఎండ ఎలాగూ ఫ్రీ. పోయిన సెప్టెంబర్ 23న ఎన్ఎస్ఎస్ తరఫున హైదరాబాద్ శివార్లలోని ఒక జిల్లా పరిషత్ స్కూల్‌కి వెళ్లినప్పుడు ఈ ప్రయోగం చేయించాం. మీరూ చేయించొచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నా.

కావలసింది మీటర్ కర్ర, చాక్‌పీస్, టేపు, దారానికి కట్టిన రాయి. కర్రని నిటారుగా పాతాలి. 11:45 నుంచి ప్రతి ఐదు నిమిషాలకీ నీడ కొస దగ్గర గుర్తు పెట్టాలి. అన్నిటికన్నా పొట్టి నీడ పడినప్పుడే అక్కడ అసలైన మిట్టమధ్యాహ్నం. అది సరిగ్గా 12కి రాదు. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన 16 నిమిషాలు ఆలస్యం. తేదీని బట్టి ఇంకొన్ని నిమిషాలు అటూ ఇటూ. మాకు 12:10 ప్రాంతంలో వచ్చింది. ఈలోగా మధ్యాహ్న భోజనం బెల్ కొట్టేశారు, సగం మంది ప్లేట్లతోనే వచ్చి నిలబడ్డారు!

సెప్టెంబర్ 23 ఎందుకంటే, ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఉంటాడు. మనం దానికి ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉంటే, మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి నుంచి అన్ని డిగ్రీలు దక్షిణానికి వాలి కనిపిస్తాడు. అంటే నీడని కర్ర పొడవుతో భాగిస్తే వచ్చేది మన అక్షాంశపు టాన్ విలువ. సెప్టెంబర్‌కి టాన్ చెప్పి ఉండరు, పర్లేదు. 10 సెంటీమీటర్ల కర్ర, దానికి తగ్గ నీడతో గ్రాఫ్ పేపర్ మీద లంబకోణ త్రిభుజం గీసి, కోణమానినితో కొలిస్తే చాలు.

హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు, నీడ 31 సెంటీమీటర్లు రావాలి. ఒక గుంపుకి 31, ఇంకో గుంపుకి 32 వచ్చాయి. మూడో గుంపుకి 34. ఒక్క సెంటీమీటర్ తేడా అంటే దాదాపు అర డిగ్రీ, నేల మీద 55 కిలోమీటర్ల పైమాటే. లెక్క చూసుకుని ఒకడు అడిగాడు: "అన్నా, గట్లయితే మన బడి నిజామాబాద్‌ల ఉన్నట్టా?" అందరూ నవ్వారు గానీ, వాడే వెళ్లి దారం వేలాడదీసి చూశాడు. కర్ర ఉత్తరానికి వాలి ఉంది. కొలతలో తప్పు ఎక్కడ దూరుతుందో నాకు ఇంజనీరింగ్ ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో తెలిసింది, వాడికి పదిలోనే తెలిసిపోయింది.

జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు సంచి లేకుండా బడికి రమ్మంది. పదికి ఆ వెసులుబాటు లేదు. ప్రాజెక్ట్ వర్క్‌కి మార్కులున్నా, చాలామంది రెడీమేడ్ ఛార్ట్ కొని అంటిస్తారు. దానికి పిల్లల్ని అనలేం. ఛార్ట్‌కీ, ఎండలో గంట నిలబడిన లెక్కకీ ఒకటే మార్కులు వేస్తే ఎవరు నిలబడతారు?

ఈసారి రెండు బళ్లతో చేయాలని ఉంది. ఆదిలాబాద్, కర్నూలు దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి, మధ్య తేడా సుమారు 3.8 డిగ్రీలు. మ్యాప్ మీద సూటి దూరం 425 కిలోమీటర్లు (రోడ్డు దూరం కాదు). దాన్ని 360 డిగ్రీలకి పెంచితే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకి దగ్గరగా రావాలి. మార్చి 21న కూడా చేయొచ్చు, కానీ అప్పుడు పదోవాళ్లకి పరీక్షలు. ఆ రెండు ఊళ్ల వాళ్లు మన కాలేజీలో ఉంటే, మీ పాత స్కూల్లో ఒకసారి అడిగి క్లబ్‌లో చెప్పండి.